ఐదో తేదీన కట్ అయ్యే రెండు వేలు: ఇండెక్స్ ఫండ్ సిప్ లోపలి లెక్క

తిరుపతిలో నెలనెలా డబ్బు కట్టడం ఎవరికీ కొత్త కాదు. కొర్లగుంటలోనైనా, భవానీనగర్‌లోనైనా నాలుగు ఇళ్లు తిరిగితే ఏదో ఒక చీటీ సంగతి చెవిన పడుతుంది. పిల్ల పెళ్లి, ఇంటికి అడ్వాన్సు, కాలేజీ ఫీజు, అంగట్లోకి సరుకు, ఇలాంటి అవసరాలు ఎన్నో చీటీ ఎత్తుకునే గట్టెక్కాయి. జీతం పడగానే ముందు చీటీ డబ్బు తీసి పక్కన పెట్టి, మిగిలిన దాంతో ఇల్లు నడుపుకునే అలవాటు ఈ ఊళ్లో ఎప్పటినుంచో ఉంది.

ఇప్పుడు దాని పక్కన ఇంకోటి చేరింది. ఐదో తేదీనో పదో తేదీనో పొద్దున్నే ఫోన్‌కు బ్యాంకు మెసేజ్ వస్తుంది, అకౌంట్ నుంచి 2,000 రూపాయలు కట్ అయిందని. ఒకట్రెండు రోజులకు ఇంకో మెసేజ్, ఇన్ని యూనిట్లు మీ పేరున వేశామని. ఆసుపత్రిలో డ్యూటీ చేసే నర్సులకు, శ్రీసిటీ ఫ్యాక్టరీలకు బస్సెక్కే కుర్రాళ్లకు, యూనివర్సిటీ ఉద్యోగులకు ఈ రెండు మెసేజ్‌లూ అలవాటే. వాటి మధ్య ఏం జరిగిందో మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. తెలియకపోయినా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది కాబట్టి, మార్కెట్ పెరుగుతున్నంత కాలం ఆ అవసరమూ కనబడదు. మార్కెట్ పడిన రోజున మాత్రం ఆ తెలియకపోవడమే నష్టం తెచ్చిపెడుతుంది.

ముందుగా కలిసిపోయిన రెండు విషయాలను విడదీయాలి. "సిప్‌లో పెట్టాం, సిప్ 12 శాతం ఇస్తుందట" అనే మాట తరచూ వినిపిస్తుంది. సిప్ ఏమీ ఇవ్వదు. నెలకొక తేదీన, అనుకున్న మొత్తం, అకౌంట్ నుంచి దానంతటదే వెళ్లేలా చేసుకున్న ఏర్పాటు పేరు సిప్. ఆ డబ్బు వెళ్లి చేరే చోటు ఇండెక్స్ ఫండ్, అంటే చాలామంది డబ్బు కలిపి, నిఫ్టీ లాంటి ఒక సూచీలో ఉన్న కంపెనీల షేర్లను అవే వాటాల్లో కొనే మ్యూచువల్ ఫండ్. లాభమైనా నష్టమైనా వచ్చేది అక్కడే. తిరుమలకు వెళ్లే బస్సు వేరు, కొండమీద దర్శనం వేరు. బస్సు వేళకు పైకి చేరుస్తుంది. దర్శనం ఎన్ని గంటల్లో అవుతుందో బస్సు చెప్పలేదు. సిప్‌ను నమ్ముకున్న చాలామంది బస్సును చూసి దర్శనం వేళ లెక్కేసుకుంటున్నారు. ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా ఈ తేడా చుట్టూనే ఉంటుంది.

డబ్బు నడిచే దారి

సిప్ మొదలుపెట్టేటప్పుడు కేవైసీ అయ్యాక బ్యాంకుకు ఒక అనుమతి ఇస్తారు. దాన్నే మ్యాండేట్ అంటారు. ఫలానా ఫండ్ సంస్థ నెలకు ఇంత మొత్తం దాకా నా అకౌంట్ నుంచి తీసుకోవచ్చు అని ఇచ్చే రాతపూర్వక ఒప్పుకోలు అది. వెనకటి రోజుల్లో కాగితం మీద సంతకం పెట్టి పంపాల్సి వచ్చేది. ఇప్పుడు నెట్ బ్యాంకింగ్‌తోనో, డెబిట్ కార్డుతోనో, ఆధార్ ఓటీపీతోనో నిమిషాల్లో అవుతుంది. ఈ కట్టింపులు నడిచేది, దేశంలో బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ నిర్వహించే నాచ్ అనే వ్యవస్థ మీద. 2020లో యూపీఐ ఆటోపే వచ్చాక చిన్న మొత్తాలకు ఆ దారీ తెరుచుకుంది.

ఒక్క నెల లెక్క దగ్గరగా చూద్దాం. తిరుపతిలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి నెలకు 2,000 సిప్ పెట్టుకుంది అనుకుందాం. ఐదో తేదీన బ్యాంకులో 2,000 కట్ అయింది. అందులోంచి స్టాంపు డ్యూటీ 0.005 శాతం పోతుంది. 2020 జులై నుంచి మ్యూచువల్ ఫండ్ కొనుగోళ్లన్నింటికీ ఇది ఉంది. రెండు వేలకు అది 10 పైసలు. మిగిలింది 1,999 రూపాయల 90 పైసలు. ఆ రోజు ఫండ్ యూనిట్ విలువ, అంటే ఎన్ఏవీ, 160 రూపాయలు ఉంటే 1,999.90ని 160తో భాగించగా 12.499 యూనిట్లు ఆమె పేరున చేరతాయి. వచ్చే నెల ఎన్ఏవీ 150 అయితే 13.333 యూనిట్లు, 170 అయితే 11.764 యూనిట్లు. యూనిట్లకు మూడు దశాంశ స్థానాల దాకా లెక్క ఉంటుంది కాబట్టి ఒక్క రూపాయి కూడా ఖాళీగా ఉండదు. షేర్ల విషయంలో అలా కుదరదు. 3,000 రూపాయల షేరును 2,000తో కొనలేం.

ఏ రోజు ఎన్ఏవీ వర్తిస్తుందన్న దానిమీద చాలామందికి అనుమానం వస్తుంది. ఐదో తేదీన డబ్బు కట్ అయితే ఏడో తేదీ ఎన్ఏవీ ఎందుకు వేశారని అడుగుతారు. 2021 ఫిబ్రవరి నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ఒకటే. డబ్బు ఫండ్ సంస్థ ఖాతాలో నిజంగా జమ అయిన రోజు ఎన్ఏవీనే ఇవ్వాలి, అదీ మధ్యాహ్నం 3 గంటల లోపు జమైతే. బ్యాంకు నుంచి క్లియరింగ్ దాటి అక్కడికి చేరడానికి ఒక పనిదినం పట్టొచ్చు, మధ్యలో ఆదివారం వస్తే ఇంకో రోజు. ఇందులో మోసమేమీ లేదు. పదేళ్ల లెక్కలో ఆ ఒకట్రెండు రోజుల తేడాకు విలువ కూడా లేదు.

విలువ ఉన్నది వేరే చోట ఉంది. ఐదో తేదీన అకౌంట్‌లో డబ్బు లేకపోతే ఫండ్ సంస్థ జరిమానా వేయదు, ఆ నెల యూనిట్లు రావు, అంతే. బ్యాంకు మాత్రం మ్యాండేట్ తిరిగొచ్చినందుకు చార్జీ వేస్తుంది, దానిమీద జీఎస్టీ కూడా. వెయ్యి రూపాయల సిప్‌కు ఇలా రెండుసార్లు తగిలితే ఏడాది లాభం అక్కడే ఆవిరి. వరసగా మూడు నెలలు డబ్బు లేకపోతే నెలవారీ సిప్ దానంతటదే రద్దవుతుంది. అందుకే తేదీ ఎంచుకునేటప్పుడు మార్కెట్ ఏ తేదీన తగ్గుతుందో అని జాతకం చూడక్కర్లేదు. జీతం ఎప్పుడు పడుతుంది, ఇంటి అద్దె ఎప్పుడు కట్టాలి అన్నది చూసుకోవాలి. ఒకటో తేదీన జీతం పడేవాళ్లకు మూడో తేదీ నుంచి ఏడో తేదీ మధ్య బాగుంటుంది. జీతం ఆలస్యమయ్యే కంపెనీల్లో పనిచేసేవాళ్లు పన్నెండో తేదీ పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

దిట్టం తప్పని వంట

శ్రీవారి లడ్డూకు దిట్టం అని ఒక లెక్క ఉంది. 5,100 లడ్డూలకు నెయ్యి 165 కిలోలు, శనగపిండి 180, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4, మొత్తం 803 కిలోల సరుకు. ఆలయ వంటశాల అయిన పోటులో పనిచేసేవారు ఎవరైనా ఈ లెక్క తప్పరు. ఈరోజు యాలకులు కాస్త ఎక్కువేస్తే రుచి పెరుగుతుందేమో అని సొంత ఆలోచన చేసే చోటు కాదది. ఇండెక్స్ ఫండ్ పని తీరు అర్థం కావడానికి ఈ ఊరివాళ్లకు ఇంతకన్నా దగ్గరి పోలిక లేదు.

నిఫ్టీ 50 అనేది ఒక దిట్టం. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో పెద్దవైన 50 కంపెనీలు, ఒక్కోదానికి ఒక్కో వాటా. ప్రమోటర్ల చేతిలో ఉన్నవి పోను మార్కెట్‌లో చేతులు మారగల షేర్ల మొత్తం విలువను బట్టి ఆ వాటా వస్తుంది. 1995 నవంబరు 3 నాటి విలువను 1,000గా తీసుకుని ఈ సూచీ లెక్క మొదలైంది. సెన్సెక్స్‌ది ఇంకా పాత లెక్క. 30 కంపెనీలు, 1978-79ని 100గా తీసుకున్నారు. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ నడిపే మేనేజర్ తనకొచ్చిన ప్రతి వంద రూపాయలనూ ఆ 50 కంపెనీలకు ఆ వాటాల ప్రకారమే పంచి కొనాలి. ఈ కంపెనీ బాగుంటుందని ఎక్కువ, అది బాగోలేదని తక్కువ కొనే అధికారం ఆయనకు లేదు. సొంత తెలివితో కంపెనీలను ఏరే ఫండ్లకు, దీనికి ఉన్న తేడా ఇదే. ఖర్చు తక్కువ కావడానికి కారణం కూడా ఇదే.

దిట్టం కూడా కాలాన్ని బట్టి సవరణకు వస్తుంది. నిఫ్టీని ఏడాదికి రెండుసార్లు సమీక్షిస్తారు, మార్పులు మార్చి, సెప్టెంబరు నెలల చివర అమల్లోకి వస్తాయి. చిన్నదైపోయిన కంపెనీ బయటికి వెళ్తుంది, పెరిగిన కంపెనీ లోపలికి వస్తుంది. అవసరమైతే మధ్యలోనూ తీసేస్తారు. తెలుగువాళ్లు మర్చిపోలేని ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న ఖాతాల్లో అబద్ధాలు రాశామని చైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. ఆ ఒక్కరోజే షేరు విలువలో ముప్పావు వంతుకు పైగా కరిగిపోయింది. మన హైదరాబాద్ కంపెనీ కదా అని ఉన్నదంతా అందులోనే పెట్టుకున్న తెలుగు కుటుంబాలు ఎంత దెబ్బతిన్నాయో చాలామందికి గుర్తుంది. నిఫ్టీలో కూడా అప్పుడు సత్యం ఉంది. కానీ యాభైలో ఒకటిగా ఉంది. ఐదు రోజుల తర్వాత, జనవరి 12న దాన్ని తీసేసి ఇంకో కంపెనీని పెట్టారు. ఇండెక్స్ ఫండ్ పెట్టుకున్నవారికి ఆ వారం నష్టం తగిలింది, కొంప మునగలేదు.

అలాగని ఇండెక్స్‌కు కళ్లున్నాయని అనుకోకూడదు. సత్యాన్ని ముందుగా పసిగట్టి తప్పించలేదు, పడ్డాకే తీసింది. సత్యం బదులుగా వచ్చిన రిలయన్స్ క్యాపిటల్ కొన్నేళ్ల తర్వాత దివాలా ప్రక్రియ దాకా వెళ్లింది, ఆలోగా అదీ నిఫ్టీ నుంచి వెళ్లిపోయింది. యాభై కంపెనీలన్నంత మాత్రాన అన్నీ సమానం కూడా కాదు. నిఫ్టీలో బ్యాంకులు, ఆర్థిక సంస్థల వాటానే దాదాపు మూడో వంతు. బ్యాంకు షేర్లకు జ్వరమొస్తే ఇండెక్స్ మొత్తం మూలుగుతుంది. ఇలాంటి ఫండ్‌ను ప్రపంచంలో మొదటిసారి 1976లో అమెరికాలో వాన్‌గార్డ్ సంస్థ తరఫున జాన్ బోగల్ సామాన్యులకు తెచ్చారు. మన దేశంలోకి 2000 ప్రాంతంలో వచ్చింది, జనం నోట పడింది మాత్రం గత కొన్నేళ్లలోనే.

సగటు ధర: చేసేది, చేయనిది

సిప్ గురించి ఎక్కువగా చెప్పేది సగటు ధర సంగతి. టమోటా ధర ఎలా ఎగిరి ఎలా పడుతుందో మదనపల్లె మార్కెట్ తెలిసిన ఈ ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు. వారానికి వంద రూపాయల టమోటాలే కొనాలని ఒక ఇల్లాలు నియమం పెట్టుకుందనుకుందాం. కిలో 20 ఉన్న వారం 5 కిలోలు, 50 ఉన్న వారం 2 కిలోలు, 10 ఉన్న వారం 10 కిలోలు వస్తాయి. మూడు వందలకు 17 కిలోలు, అంటే కిలో సుమారు 17 రూపాయల 65 పైసలు పడింది. మూడు వారాల మార్కెట్ ధరల సగటు మాత్రం 26 రూపాయల 67 పైసలు. ధర తగ్గినప్పుడు తెలియకుండానే ఎక్కువ కొన్నది, పెరిగినప్పుడు తక్కువ కొన్నది. మార్కెట్‌ను చూసి నిర్ణయం తీసుకోవాల్సిన పని లేకుండానే ఇది జరిగింది. సిప్ గొప్పతనం అంతవరకు నిజం.

ఇప్పుడు యూనిట్ల లెక్క. నెలకు 1,000 చొప్పున ఐదు నెలలు. ఎన్ఏవీ వరసగా 20, 16, 12.50, 16, 20. అంటే పడి, మళ్లీ మొదటి చోటికే వచ్చింది. వచ్చిన యూనిట్లు 50, 62.5, 80, 62.5, 50. మొత్తం 305. చివరి ధర 20తో వాటి విలువ 6,100. కట్టింది 5,000. మార్కెట్ ఎక్కడ మొదలైందో అక్కడే ఆగినా 1,100 లాభం. సిప్ అమ్మేవారు చూపించే లెక్క ఇదే.

వాళ్లు చూపించని లెక్క ఇంకొకటి ఉంది. అదే 1,000, అవే ఐదు నెలలు, ఎన్ఏవీ ఈసారి 20, 25, 32, 25, 20. పెరిగి, మళ్లీ మొదటి చోటికే వచ్చింది. యూనిట్లు 50, 40, 31.25, 40, 50. మొత్తం 211.25. విలువ 4,225. ఐదు వేలు కట్టి 775 నష్టం. సగటు ధర పద్ధతి ఇక్కడా సక్రమంగానే పనిచేసింది, ఖరీదైన నెలల్లో తక్కువే కొంది. అయినా నష్టమే వచ్చింది. ఎందుకంటే చివరికి తేల్చేది, అమ్మే రోజు ధర మన సగటు కొనుగోలు ధర కన్నా పైన ఉందా కింద ఉందా అన్న ఒక్కటే. సిప్ నష్టం రాకుండా కాపాడుతుందని ఎవరైనా చెబితే ఈ రెండో లెక్క ముందు పెట్టాలి.

పడినప్పుడు ఆపేస్తే మొదటి లెక్క కూడా దక్కదు. 12.50 దగ్గర వచ్చిన 80 యూనిట్లే ఆ లాభానికి మూలం. సరిగ్గా ఆ నెలలోనే మనిషికి గుండె దడ పుట్టి ఆపేయాలనిపిస్తుంది. 2008 జనవరిలో నిఫ్టీ 6,300 పాయింట్ల ప్రాంతంలో ఉండేది, అక్టోబరుకు 2,500 దిగువకు జారింది. మళ్లీ పాత ఎత్తును దాటి నిలబడటానికి 2013 చివరి దాకా ఆగాల్సి వచ్చింది. 2008 జనవరిలో ఒకేసారి అంతా పెట్టినవారికి దాదాపు ఆరేళ్లు అసలు దగ్గరే గడిచాయి. నెలనెలా కట్టుకుంటూ పోయినవారికి 2008 చివర, 2009 మొదట్లో చవగ్గా వచ్చిన యూనిట్లు ఆ మధ్యకాలంలోనే లాభం చూపించాయి. 2020 మార్చి 23న లాక్‌డౌన్ భయంతో నిఫ్టీ ఒక్కరోజులో దాదాపు 13 శాతం పడి 7,610 దగ్గర ముగిసింది. అదే ఏడాది నవంబరుకు పాత గరిష్ఠాన్ని దాటేసింది. ఆ మార్చిలో కొండమీద దర్శనాలు ఆగి, లాడ్జీలు, హోటళ్లు, ట్యాక్సీలు అన్నీ మూతపడిన తిరుపతిలో సిప్ ఆపేసినవారిని తప్పుపట్టడం అన్యాయం. వాళ్లు భయపడి ఆపలేదు, చేతిలో డబ్బు లేక ఆపారు. మార్కెట్ పడే కాలం, మన ఆదాయం పడే కాలం ఒక్కటయ్యే ప్రమాదం ఈ ఊరికి ఎక్కువ, ఎందుకంటే ఊరి సంపాదనలో పెద్ద భాగం యాత్రికుల రాకతో ముడిపడి ఉంది. అందుకే సిప్ మొదలుపెట్టడానికి ముందే ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా ఉండాలనే మాట ఇక్కడివాళ్లకు రెండింతలు వర్తిస్తుంది.

సగటు ధర గురించి ఎవరూ సరిగా చెప్పని సంగతి ఒకటుంది. అది మొదటి ఏళ్లలోనే బలంగా పనిచేస్తుంది. నెలకు 5,000 చొప్పున పదేళ్లు కట్టిన ఇంటిని తీసుకుందాం. కట్టింది 6 లక్షలు, విలువ 9 లక్షలు అయిందనుకుందాం. ఇప్పుడు మార్కెట్ 30 శాతం పడితే కళ్లముందు 2 లక్షల 70 వేలు పోతాయి. ఆ నెల 5,000 రూపాయలతో చవగ్గా కొన్న యూనిట్లు దాని ముందు సముద్రంలో కాకిరెట్టంత. పదేళ్ల తర్వాత మనకున్నది పెద్ద మొత్తం ఒకేసారి పెట్టినవాడి పరిస్థితే. కూతురు ఇంజనీరింగ్‌లో చేరే ఏడాదే ఇది జరిగితే, ఫీజు కట్టే తేదీ మార్కెట్ కోలుకునే దాకా ఆగదు. డబ్బు అవసరమయ్యే తేదీ ముందే తెలిసినప్పుడు, దానికి రెండు మూడేళ్ల ముందు నుంచే విడతలుగా ఫండ్‌లోంచి తీసి ఎఫ్‌డీలోకి మార్చుకోవడం మంచిది. ఎక్కేటప్పుడు నెలనెలా ఎక్కినట్టే దిగేటప్పుడూ మెట్టు మెట్టుగా దిగాలి. ఈ దిగే పద్ధతి గురించి ప్రకటనల్లో ఎక్కడా కనబడదు.

చీటీతో పోలిస్తే

చీటీకి, సిప్‌కు పోలిక నెలనెలా కట్టడం దగ్గరే ఆగిపోతుంది. ఇరవై మంది, నెలకు 5,000, లక్ష రూపాయల చీటీ. అవసరమున్న సభ్యుడు 75,000కే పాడుకున్నాడు. తగ్గిన 25,000లో చీటీ నడిపేవారి కమీషన్ 5,000 పోగా 20,000 ఇరవై మందికి పంచితే తలా వెయ్యి. రెండో నెలలోనే చేతికి 75,000 రావచ్చు. ఆ పని ఏ ఇండెక్స్ ఫండూ చేయలేదు. చీటీలో అప్పు, పొదుపు రెండూ కలిసి ఉన్నాయి. చట్టప్రకారం రిజిస్టరైన చీటీల్లో కమీషన్ గరిష్ఠంగా 5 శాతం ఉండేది, 2019 సవరణతో 7 శాతం దాకా పెంచారు. రిజిస్టర్ కాని వీధి చీటీలో నడిపే మనిషి మీద నమ్మకమే హామీ, ఆ మనిషి ఊరు దాటితే ఏమవుతుందో ఈ జిల్లాలో తెలియని వీధి లేదు.

ఇండెక్స్ ఫండ్‌లో ఆ భయం లేదు. కొన్న షేర్లు ఫండ్ సంస్థ సొంతం కావు, విడిగా కస్టోడియన్ దగ్గర ఉంటాయి. సంస్థ మూతపడినా షేర్లు ఉంటాయి. ఉన్న భయం ధర పడటమే, దానికి ఎవరి హామీ లేదు. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్న 5 లక్షల బీమా కూడా దీనికి వర్తించదు. ఏడాది రెండేళ్లలో రాబోయే పెళ్లికో, ఇంటి అడ్వాన్సుకో రిజిస్టరైన చీటీ, ఆర్‌డీ సరిపోతాయి. పదేళ్ల అవతలి అవసరానికి ఇండెక్స్ ఫండ్ ఆలోచించదగ్గది. వడ్డీ వ్యాపారి దగ్గర నెలకు నూటికి రెండు, మూడు రూపాయల అప్పు ఉన్నవాళ్లు ఈ రెండూ పక్కనపెట్టి ముందు ఆ అప్పు తీర్చాలి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అంత రాబడి ఏ ఇండెక్సూ ఏళ్ల తరబడి ఇవ్వలేదు.

నెల జీతం లేనివారి సంగతి వేరు. చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి రైతుకు డబ్బు వచ్చేది జూన్, జులై నెలల్లోనే, అదీ ఫ్యాక్టరీలు, మండీలు ఇచ్చే ధరను బట్టి. 2025 సీజన్‌లో ధర పడిపోయి ప్రభుత్వమే కిలోకు 4 రూపాయల చొప్పున కలిపి ఇవ్వాల్సి వచ్చింది. ఇలాంటి ఇంటికి ఐదో తేదీ సిప్ పెట్టమని చెప్పేవారు ఆ ఇంటి లెక్క చూడనట్టే. ఫిబ్రవరిలో మ్యాండేట్ తిరిగొచ్చి బ్యాంకు చార్జీలు పడతాయి. పంట డబ్బు వచ్చినప్పుడు, అప్పులు, మందుల ఖర్చు పోను మిగిలిన దాన్ని అదే ఫండ్ సంస్థ లిక్విడ్ ఫండ్‌లో, అంటే కొద్దికాలపు అప్పుపత్రాల్లో డబ్బు పెట్టే ఫండ్‌లో ఉంచి, అక్కడి నుంచి నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లోకి మారేలా పెట్టుకునే ఎస్‌టీపీ అనే ఏర్పాటు ఉంది. పాల బిల్లు పదిహేను రోజులకోసారి అందుకునే ఇంటికి చిన్న సిప్ కుదరవచ్చు, మామిడి మీదే బతికే ఇంటికి ఎస్‌టీపీ నయం.

చిన్నగా కనబడే ఖర్చు

ఒకే నిఫ్టీ, ఒకే యాభై కంపెనీలు, అయినా రెండు ఇండెక్స్ ఫండ్ల రాబడి ఒకేలా ఉండదు. ఖర్చే తేడా. 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కూ డైరెక్ట్, రెగ్యులర్ అని రెండు ప్లాన్లు ఉన్నాయి. రెగ్యులర్‌లో మధ్యవర్తి కమీషన్ ఉంటుంది, అది యూనిట్ విలువలోంచే రోజూ కొంచెం కొంచెంగా తీస్తారు కాబట్టి బిల్లు ఎప్పుడూ కనబడదు. పది లక్షల మీద 0.2 శాతం ఖర్చంటే ఏడాదికి 2,000, అదే 0.8 శాతమైతే 8,000. సొంత ఆలోచనతో కంపెనీలు ఏరే ఫండ్‌కు మధ్యవర్తి సలహా కొంత అవసరమనుకున్నా, దిట్టం ప్రకారం నడిచే ఫండ్‌కు ఏటా అంత ఇవ్వడం ఎక్కువే. మధ్యవర్తి నిజంగా పక్కన నిలబడి, మార్కెట్ పడినప్పుడు సిప్ ఆపకుండా ధైర్యం చెప్పేవాడైతే ఆ కమీషన్‌కు న్యాయం ఉంది. ఫారం నింపి మాయమయ్యేవాడైతే లేదు.

ఖర్చు ఒక్కటే చూసినా చాలదు. నిఫ్టీ ఏడాదిలో డివిడెండ్లతో కలిపి ఎంత పెరిగింది, ఫండ్ ఎంత పెరిగింది, ఆ రెండింటి తేడా ఎంత అని చూడాలి. దాన్ని ట్రాకింగ్ డిఫరెన్స్ అంటారు, ప్రతి ఫండ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. తేడా ఎంత తక్కువుంటే వంట దిట్టానికి అంత దగ్గరగా ఉందని అర్థం. రోజువారీ టీవీ చర్చలు చూసే సమయంలో పదో వంతు దీనిమీద పెట్టినా మేలు.

రాబడి మాటకొస్తే, నెలకు 5,000 ఇరవై ఏళ్లు కడితే 50 లక్షలు అన్న లెక్క వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఏటా 12 శాతం వస్తే అది నిజమే. 8 శాతమే వస్తే అదే కట్టుబడికి 30 లక్షలకు కొంచెం తక్కువ వస్తుంది. ఏది వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు, ఫండ్ సంస్థలు హామీ ఇవ్వడాన్ని సెబీ ఒప్పుకోదు. నెలకు ఇంత ఖాయం అని ఎవరైనా గ్రూపులో పెట్టి, తన సొంత యూపీఐ నంబరుకు డబ్బు పంపమంటే అది మ్యూచువల్ ఫండ్ కాదని అక్కడికక్కడే తెలిసిపోవాలి. ఫండ్ డబ్బు ఫండ్ ఖాతాలోకే వెళ్తుంది, ఏ మనిషి ఖాతాలోకీ వెళ్లదు.

బయటికి తీసేటప్పుడు

తీసేటప్పుడు ముందు కొన్న యూనిట్లు ముందు అమ్ముడవుతాయి. పన్ను కూడా ఒక్కో వాయిదాకు విడివిడిగా లెక్క. సిప్ మొదలుపెట్టి ఏడాది దాటింది కదా అని అన్ని యూనిట్లకూ ఏడాది నిండినట్టు కాదు. పోయిన నెల కట్టిన వాయిదాకు నెలే వయసు. ఈక్విటీ ఇండెక్స్ ఫండ్లకు 2024 జులై 23 నుంచి ఏడాది దాటిన యూనిట్ల లాభం మీద 12.5 శాతం పన్ను, అదీ ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షా 25 వేల లాభం దాటిన తర్వాతే. ఏడాది నిండనివాటి లాభం మీద 20 శాతం. లాభం ఎక్కువున్నవారు మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత తీసుకుంటే ఆ లక్షా 25 వేల మినహాయింపు రెండుసార్లు దక్కుతుంది. అమ్మిన డబ్బు రెండు మూడు పనిదినాల్లో బ్యాంకు అకౌంట్‌లో పడుతుంది.

నామినీ విషయం మాత్రం ఇవాళే చూసుకోవాల్సింది. చీటీ కట్టే సంగతి ఇంట్లో అందరికీ తెలుస్తుంది, పాట జరిగే రోజు ఇంటికే మనుషులొస్తారు. సిప్ ఫోన్‌లో నడుస్తుంది. ఆ ఫోన్‌కు లాక్ ఉంటుంది. పదేళ్లు 2,000 చొప్పున కట్టిన మనిషికి ఏదైనా అయితే, ఆ డబ్బు ఉందనే సంగతే భార్యకో తల్లికో తెలియని ఇళ్లు ఉంటాయి. ఫోలియో నంబరు (ఫండ్ సంస్థ దగ్గర మీ ఖాతా నంబరు), ఫండ్ పేరు, నామినీగా ఎవరిని పెట్టారో ఒక కాగితం మీద రాసి, ఇంటి పట్టా, బంగారం రసీదులు ఉండే బీరువా అరలోనే పెట్టి, అది అక్కడుందని ఇంట్లో ఒకరికి చెప్పాలి.